టెర్మినల్ సర్వర్ కౌంటర్లు: వారం వారం చెరిగిపోయిన ఆధారాలు

పరికరాల కన్సోల్‌లోకి (కమాండ్లు కొట్టే చోటుకి) నెట్‌వర్క్ మీదుగా వెళ్లనిచ్చే పెట్టె టెర్మినల్ సర్వర్. మా దగ్గర 32 సీరియల్ పోర్టులున్నది ఒకటి ఉంది. రౌటర్లు, స్విచ్‌లు, స్టోరేజ్ కంట్రోలర్ల కన్సోల్ కేబుళ్లన్నీ దానికే వచ్చి చేరతాయి. అన్ని పోర్టుల వేగం సెకనుకి 9600 బిట్లు. పగలు ఇంజనీర్లు ఒకరో ఇద్దరో లాగిన్ అయి పని చూసుకుంటారు. రాత్రి ఒక స్క్రిప్ట్ రివర్స్ టెల్నెట్‌లో (నెట్‌వర్క్ నుంచి సర్వర్ మీదుగా సీరియల్ పోర్టులోకి వెళ్లే పద్ధతి) 32 పోర్టులనూ ఒకేసారి తెరిచి, ప్రతి పరికరం కాన్ఫిగరేషన్‌నూ పూర్తిగా ప్రింట్ చేయించి ఫైళ్లలో దాస్తుంది.

ఫిర్యాదు ఆ ఫైళ్ల గురించే. కొన్నిటిలో మధ్య లైన్లు ఉండవు. ఒక లైను సగంలో ఆగి, ఎక్కడో కింద ఉండాల్సిన లైను తోక వచ్చి దానికి అతుక్కుని ఉంటుంది. రోజూ ఒకే పోర్టులో జరిగితే వెతకడం తేలిక. ఇది రోజుకో పోర్టులో కనిపించేది. పగలు అదే పోర్టులోకి వెళ్లి అదే కమాండ్ కొడితే అక్షరం పొల్లుపోకుండా వచ్చేది.

చూడ్డానికి చిన్న ఇబ్బందిలా ఉన్నా దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. పరికరం పాడైన రోజు ఈ ఫైలు చూసే దాన్ని తిరిగి నిలబెడతారు. ఎవరిని రానివ్వాలో, ఎవరిని ఆపాలో చెప్పే యాక్సెస్ లిస్టులో ఒక్క లైను తగ్గినా తలుపు తెరిచిపెట్టినట్టే. పైగా ఫైలు సైజు దాదాపు మామూలుగానే ఉంటుంది కాబట్టి, తెరిచి చదివేదాకా తేడా ఎవరికీ తెలియదు.

నేను ఈ పని చేతిలోకి తీసుకునేసరికి రెండు వాదనలు బలపడి ఉన్నాయి. ఒకటి, కన్సోల్ కేబుళ్లు పాతబడ్డాయి, మార్చాలి. రెండోది, టెర్మినల్ సర్వర్ నెట్‌వర్క్ లింక్ సరిపోవడం లేదు. రెండోదానికి సాక్ష్యంగా మానిటరింగ్ గ్రాఫ్ చూపించారు. "చూడండి సార్, 100 మెగాబిట్ లింక్ 90కి వెళ్లిపోయింది, ఇంకెక్కడుంది చోటు?" అని షిఫ్ట్ ఇంజనీర్ అడిగారు. గ్రాఫ్‌లో నిజంగానే సూదిలాంటి శిఖరాలు నిటారుగా లేచి ఉన్నాయి.

గ్రాఫ్‌ని నమ్మే ముందు వేసుకున్న లెక్క

9600 వేగంలో ఒక్కో అక్షరానికి స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి 10 బిట్లు పడతాయి. అంటే పోర్టుకి సెకనుకి 960 అక్షరాలు. 32 పోర్టులూ ఊపిరాడకుండా కక్కినా 30,720 అక్షరాలు, అంటే సుమారు పావు మెగాబిట్. 100 మెగాబిట్ లింక్‌కి అది లెక్కలోకి రాదు.

అయితే టెర్మినల్ సర్వర్ ట్రాఫిక్‌ని బైట్లతోనే కొలిస్తే సగం విషయమే తెలుస్తుంది. ఒక్క అక్షరాన్ని ఒక ప్యాకెట్‌లో పంపితే ఐపీ హెడర్ 20, టీసీపీ హెడర్ 20, అక్షరం 1, మొత్తం 41 బైట్లు. ఈథర్‌నెట్ మీద ప్యాకెట్‌ని మోసే ఫ్రేము కనీసం 64 బైట్లు ఉండాలి కాబట్టి మిగతాది ప్యాడింగ్‌తో నిండుతుంది. ఈ దుబారా గురించే జాన్ నేగల్ 1984లో ఆర్‌ఎఫ్‌సీ 896 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలో రాశారు. చిన్న చిన్న ముక్కలను కూడగట్టి పంపే నేగల్ పద్ధతి అక్కడి నుంచే వచ్చింది. టైప్ చేసిన అక్షరం వెంటనే తెర మీద కనిపించాలని ఈ సర్వర్‌లో ఆ పద్ధతిని ఆపేసి ఉంచారు.

కాబట్టి అన్నిటికంటే చెడ్డ పరిస్థితిని ఊహించుకున్నాను: ప్రతి అక్షరానికీ ఒక ఫ్రేము. ప్రియాంబుల్ (ఫ్రేముకి ముందు వచ్చే సంకేతం), ఫ్రేముల మధ్య ఖాళీ కలిపితే ఒక్కో ఫ్రేము వైరు మీద 84 బైట్ల చోటు తీసుకుంటుంది, అంటే 672 బిట్లు. దాన్ని 30,720తో గుణిస్తే 20.6 మెగాబిట్లు. ఈ సీరియల్ పోర్టుల నుంచి అంతకంటే ఎక్కువ పుట్టే వీలే లేదు. గ్రాఫ్ మాత్రం 90 అంటోంది. లేని ట్రాఫిక్‌ని గ్రాఫ్ చూపిస్తోందంటే, దానికి అందుతున్న అంకెల్లోనే ఏదో తేడా ఉండాలి.

శిఖరాలు లేచిన సమయాలు చూశాను. అన్నీ వారానికి ఒకసారి, ఒకే గంటలో. రాత్రి స్క్రిప్ట్ నడిచే సమయానికీ వాటికీ సంబంధమే లేదు. ఆ గంటలో జరిగే పనేమిటని అడిగితే వారపు హెల్త్ చెక్ అన్నారు. ఆ చెక్‌లిస్టు తెప్పించి చదివాను. అందులో ఒక అంశం, సర్వర్ నెట్‌వర్క్ గణాంకాల, సీరియల్ పోర్టుల గణాంకాల కౌంటర్లను క్లియర్ చేయడం, అంటే సున్నా చేయడం. ముందు అంకెలు నోట్ చేసుకోవాలని ఎక్కడా లేదు.

శిఖరం ఎలా పుట్టిందో దాంతో అర్థమైంది. ఈ సర్వర్‌లో బైట్ల కౌంటర్ 32 బిట్లది. 4,294,967,295 దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ ప్రతి 5 నిమిషాలకూ ఎస్‌ఎన్‌ఎంపీలో (నెట్‌వర్క్ పరికరాల అంకెలను దూరం నుంచి చదివే పద్ధతి) ఆ కౌంటర్ చదువుతుంది. కొత్త అంకె పాతదానికంటే తక్కువగా ఉంటే కౌంటర్ నిండి తిరిగిందని అనుకుని 4,294,967,296 కలుపుతుంది. ఉదాహరణకి, క్లియర్ చేసే ముందు కౌంటర్ 90 కోట్ల దగ్గర ఉందనుకోండి. సున్నా చేశాక చదివితే మధ్యలో దాదాపు 339 కోట్ల బైట్లు పోయినట్టు లెక్క తేలుతుంది. 300 సెకన్లతో భాగిస్తే సెకనుకి 90 మెగాబిట్లు. లింక్ సామర్థ్యం 100 కాబట్టి, అసాధ్యమైన విలువలను పక్కన పెట్టే హద్దుకి కూడా ఇది చిక్కదు. అచ్చం నిజం ట్రాఫిక్‌లా కనిపిస్తుంది.

ఇక్కడ ఇంకొక నష్టం కూడా జరిగింది, నా దృష్టిలో అదే పెద్దది. ఎర్రర్ కౌంటర్లు కూడా వారం వారం చెరిగిపోతున్నాయి. చెక్‌లిస్టులో క్లియర్ చేయడం ముందు, ఎర్రర్లు చూడడం తర్వాత ఉంటే ప్రతివారం రిపోర్టులో సున్నాలే వస్తాయి. మా దగ్గర సరిగ్గా అలాగే ఉంది. క్లియర్ చేసిన కాసేపటికి చూసి, ఎర్రర్లు లేవని టిక్ పెట్టేవారు. రాసినవారు చూసిందే రాశారు, తప్పు వారిది కాదు. పనుల వరుసే తలకిందులుగా ఉంది.

ముట్టుకోకుండా చదవడం

మొదట క్లియర్ పనిని ఆపించాను. తర్వాత వరుసగా చదవడం మొదలుపెట్టాను. స్క్రిప్ట్ మొదలయ్యే ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి, మర్నాడు పగలు పని గంటలకు ముందు, తర్వాత. ప్రతిసారీ అంకెలతో పాటు టైమూ, సర్వర్ అప్‌టైమూ (ఆన్ అయి ఎంతసేపయిందో) రాసుకోవడం. కరెంటు మీటరు రీడింగ్ తీసేవాళ్లు నెలనెలా మీటరుని సున్నా చేయరు, ఈ నెల అంకెలోంచి పోయిన నెల అంకె తీసేస్తారు. కౌంటర్లకూ అదే చాలు. అప్‌టైమ్ ఎందుకంటే, రెండో రీడింగ్ మొదటిదానికంటే తక్కువ వస్తే కౌంటర్ నిండి తిరిగిందా, మధ్యలో సర్వర్ రీబూట్ అయిందా అన్నది అదే చెబుతుంది. 100 మెగాబిట్ లింక్ పూర్తిగా నిండి నడిస్తే 32 బిట్ల బైట్ కౌంటర్ 6 నిమిషాల లోపే ఒక చుట్టు తిరిగేస్తుంది. రోజుకొక రీడింగ్ తీసి, మధ్యలో చుట్టు తిరగలేదని అనుకోవడం ప్రమాదం. మా ట్రాఫిక్ తక్కువ కాబట్టి ఆ భయం లేకపోయింది.

టెర్మినల్ సర్వర్ ఒక్కదాన్నే చదివి ఊరుకోలేదు, అవతలి కొసన ఉన్న స్విచ్ పోర్టుని కూడా చదివాను. ఆ స్విచ్ వేరే టీమ్‌ది, దాని కౌంటర్లను ఎవరూ ముట్టుకోలేదు. ఎఫ్‌సీఎస్ ఎర్రర్లు (ఫ్రేము చివర ఉండే సరిచూపు అంకె కలవకపోవడం) కుప్పలుగా ఉన్నాయి. కానీ స్విచ్ బూట్ అయి ఏడాది దాటింది. ఆ అంకెను చూసి ఎర్రర్లు నిన్న వచ్చాయా, ఏడాది కిందట ఎవరో కేబుల్ కదిపినప్పుడు వచ్చాయా అన్నది చెప్పలేం. మొదలు తెలియని మొత్తం మీద తీర్పు ఇవ్వకూడదు.

తేడాలు తీసి చూస్తే బొమ్మ స్పష్టమైంది. పగలు ఏ ఎర్రర్ కౌంటరూ దాదాపు కదలలేదు. రాత్రి స్క్రిప్ట్ నడిచిన కాసేపట్లోనే అన్నీ కదిలాయి. టెర్మినల్ సర్వర్ వైపు మామూలు కొలిజన్లు (ఫ్రేములు ఢీకొనడం) విపరీతంగా, లేట్ కొలిజన్లు (ఆలస్యంగా ఢీకొనడం) కొంత తక్కువగా. స్విచ్ వైపు రంట్లు (64 బైట్లు కూడా లేని ఫ్రేము ముక్కలు), ఎఫ్‌సీఎస్ ఎర్రర్లు. సీరియల్ పోర్టుల్లో ఫ్రేమింగ్ ఎర్రర్లు (అక్షరం హద్దులు తప్పడం) లేవు, ప్యారిటీ ఎర్రర్లు (సరిచూసే బిట్ కలవకపోవడం) లేవు, సీరియల్ బిట్లను అక్షరాలుగా మార్చే యూఆర్ట్ చిప్ దగ్గర వచ్చే హార్డ్‌వేర్ ఓవర్‌రన్ కూడా లేదు. కదిలింది ఒక్కటే, బఫర్ ఓవర్‌ఫ్లో, అంటే వచ్చిన అక్షరాలను కాసేపు దాచే చోటు నిండి పొర్లడం. ఒక పోర్టు మాత్రం దీనికి మినహాయింపు. దాని సంగతి చివర్లో.

కేబుళ్ల వాదన ఇక్కడితో పడిపోయింది. కేబుల్ పాడైనా, వేగం కలవకపోయినా అక్షరాల రూపమే చెడుతుంది, ఫ్రేమింగ్ కౌంటర్ కదలకుండా ఉండదు. అక్షరాలు సర్వర్‌లోకి చక్కగానే వస్తున్నాయి. లోపలికి వచ్చాక, బయటికి పోవడానికి దారి లేక పోతున్నాయి.

కొలిజన్ నుంచి పోయిన లైను దాకా

ఒక కొసన లేట్ కొలిజన్లు, రెండో కొసన ఎఫ్‌సీఎస్ ఎర్రర్లు, రంట్లు, అదీ ట్రాఫిక్ పెరిగినప్పుడే. ఈ జంట కనిపిస్తే నేను వెంటనే చూసేది డ్యూప్లెక్స్, అంటే రెండు వైపులా ఒకేసారి పంపుకోవచ్చా (ఫుల్), వంతులవారీగానా (హాఫ్) అన్న అమరిక. ఎఫ్‌సీఎస్ ఎర్రర్లు మాత్రమే ఉండి అవతల లేట్ కొలిజన్లు లేకపోతే కేబుల్‌నో, కనెక్టర్‌నో అనుమానించేవాణ్ని. స్విచ్ పోర్టుని 100 మెగాబిట్, ఫుల్ డ్యూప్లెక్స్ అని చేత్తో సెట్ చేసి ఉంచారు. టెర్మినల్ సర్వర్ ఆటో నెగోషియేషన్‌లో ఉంది, అంటే వేగం, డ్యూప్లెక్స్ అవతలి కొసతో సంప్రదించి తానే తేల్చుకోవాలి. ఒక వైపు చేత్తో బిగించి, ఇంకొక వైపు ఆటోలో వదిలేస్తే, ఆటో వైపుకి సంప్రదింపు సంకేతాలు అందవు. వేగాన్ని సిగ్నల్ చూసి కనిపెట్టగలదు. డ్యూప్లెక్స్‌ని కనిపెట్టలేదు కాబట్టి ప్రమాణం ప్రకారం హాఫ్‌కి వెళ్తుంది. ఈ సర్వర్ హాఫ్‌లోనే ఉంది. దాని స్టేటస్ పేజీలో ఆ మాట రాసే ఉంది. స్విచ్ మార్చినప్పుడు కొత్త పోర్టు కాన్ఫిగరేషన్ ఇలా వచ్చి పడింది.

దీనివల్ల జరిగేది ఇది. హాఫ్ వైపు తాను పంపుతుండగా అవతలి నుంచి ఏదైనా వస్తే ఢీకొట్టిందనుకుని పంపడం మధ్యలో ఆపేస్తుంది. ఫుల్ వైపుకి కొలిజన్ అనే లెక్కే లేదు, తన పని తాను చేసుకుపోతుంది. ఆగిపోయిన ఫ్రేము ముక్క స్విచ్‌కి చేరుతుంది. 64 బైట్లకు లోపలైతే రంట్, దాటితే ఎఫ్‌సీఎస్ ఎర్రర్.

ఒకటి రెండు అక్షరాలు మోసే చిన్న ఫ్రేములకు పెద్ద హాని లేదు. మొదటి 512 బిట్ల సమయంలోపు ఢీకొంటే అది మామూలు కొలిజన్, కాసేపాగి హార్డ్‌వేరే మళ్లీ పంపుతుంది. పగటి పని సాఫీగా సాగడానికి కారణం అదే. పింగ్ పెట్టి చూసినవారికి లింక్ ఆరోగ్యంగా కనిపించడానికీ అదే కారణం. రాత్రి 32 పోర్టులూ కదిలితే రెండు దిక్కులా ప్యాకెట్లు నిండుతాయి. ఇటు డేటా, అటు అది అందిందని చెప్పే ఆక్నాలెడ్జ్‌మెంట్లు. వచ్చే ఆక్నాలెడ్జ్‌మెంట్లు కూడా కొలిజన్లలో పాడవుతాయి. పంపడం కాస్త వెనకబడగానే అక్షరాలు పేరుకుని వందల బైట్ల ఫ్రేముగా బయల్దేరతాయి. పెద్ద ఫ్రేము వైరు మీద ఎక్కువసేపు ఉంటుంది, 64 బైట్లు దాటాక ఢీకొనే అవకాశమూ ఎక్కువ. అలా జరిగితే లేట్ కొలిజన్. అప్పుడు హార్డ్‌వేర్ ఆ ఫ్రేముని తిరిగి పంపదు, వదిలేస్తుంది. తక్కువ సంఖ్యలో ఉన్న లేట్ కొలిజన్లకు నేను ఎక్కువ బరువు ఇవ్వడం అందుకే. అక్కడ ఒక్కో అంకె వెనకా ఒక డేటా ఫ్రేము పోయి ఉంటుంది.

ఫ్రేము పోతే టీసీపీ మళ్లీ పంపుతుంది కదా, అక్షరాలు ఎందుకు పోవాలి అన్న ప్రశ్న వస్తుంది. టీసీపీ తన చేతికి అందిన దేన్నీ పోగొట్టలేదు. ఆర్‌ఎఫ్‌సీ 6298 ప్రకారం రీట్రాన్స్‌మిషన్‌కి కనీసం 1 సెకను ఆగాలి, ఈ సర్వర్ అలాగే చేస్తుంది. రెండోసారీ పోతే ఎదురుచూపు 2 సెకన్లవుతుంది. ఆ లోపల అవతలి రౌటర్ సెకనుకి 960 అక్షరాలు కుమ్మరిస్తూనే ఉంటుంది. ఈ సర్వర్‌లో పోర్టుకి కేటాయించిన బఫర్ 1024 బైట్లు, అది 1.07 సెకన్లలో నిండుతుంది. మొదటి ఎదురుచూపులో అంచు దాకా వస్తుంది. రెండోదానికి వెళ్తే 3 సెకన్లలో దాదాపు 2,900 అక్షరాలు వచ్చి, వెయ్యికి చోటుండి, మిగతావి నేలపాలవుతాయి. కన్సోల్ కేబుళ్లలో పంపే వైరు, అందుకునే వైరు, గ్రౌండ్, ఈ మూడే ఉన్నాయి. ఆగమని చెప్పే ఆర్‌టీఎస్, సీటీఎస్ లైన్లు లేవు, సాగు, ఆగు అని డేటాలోనే ప్రత్యేక అక్షరాలతో చెప్పే ఎక్స్ఆన్, ఎక్స్ఆఫ్ కూడా పెట్టి లేదు. సగం లైనుకి ఎక్కడిదో తోక అతుక్కోవడం ఇక్కడే జరిగింది.

క్లియర్ చేయాల్సిన సమయం

ఇంత తెలిశాక కౌంటర్లను క్లియర్ చేశాను. ఇప్పుడు కావాల్సింది ప్రయోగం. ముందు రెండు వైపుల గణాంకాలనూ పూర్తిగా ఫైల్‌లోకి తీసుకుని, మానిటరింగ్ టీమ్‌కి సమయం చెప్పి, స్విచ్ టీమ్ ఇంజనీర్‌ని లైన్లో ఉంచుకుని రెండు కొసల్లోనూ ఒకేసారి సున్నా చేశాం. ఒక వైపే సున్నా చేస్తే రెండు అంకెల జంటని పోల్చలేం. రెండు యంత్రాల గడియారాలూ ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ మీద టైమ్ సరిచేసే పద్ధతి) కలిసి ఉన్నాయని ముందే చూసుకున్నాం.

ఖాళీగా వదిలి చూస్తే అన్నీ సున్నా. ఒక్క పోర్టులో కాన్ఫిగరేషన్ ప్రింట్ చేయిస్తే కొద్ది కొలిజన్లు, అక్షరాలన్నీ భద్రం. 32 పోర్టులూ కలిపి నడిపితే రాత్రి కథంతా కళ్ల ముందే జరిగింది. లేట్ కొలిజన్లు పెరిగిన వెంటనే బఫర్ ఓవర్‌ఫ్లో పెరగడం కనిపించింది. అప్పుడు స్విచ్ పోర్టుని ఆటోకి మార్చాం. రెండు వైపులా 100, ఫుల్ అని తేలింది. టెర్మినల్ సర్వర్‌నే చేత్తో ఫుల్‌కి బిగించొచ్చు కదా అని ఎవరో అడిగారు. పని చేస్తుంది. కానీ రేపు ఇంకెవరో ఒక కొసను మారిస్తే మళ్లీ ఇదే గొడవ. రెండు కొసలూ ఆటోలో ఉండాలన్నదే నా పట్టు.

మళ్లీ రెండు వైపులా సున్నా చేసి, అదే లోడ్ నడిపాం. ఫుల్ డ్యూప్లెక్స్‌లో కొలిజన్ అనేది ఉండకూడదు, ఒక్కటి కనిపించినా అనుమానించాలి. ఒక్కటీ రాలేదు. ఎఫ్‌సీఎస్, రంట్లు, ఓవర్‌ఫ్లో అన్నీ సున్నా దగ్గరే నిలిచాయి. మార్పుకు ముందు, తర్వాత ఒకే లోడ్, రెండుసార్లూ సున్నా నుంచి మొదలు. స్విచ్ టీమ్‌ని ఒప్పించడానికి అంతకంటే ఎక్కువ చెప్పాల్సిన పని పడలేదు.

దాంతో పాటు సర్వర్‌లో అక్షరాలను కూడగట్టే టైమర్‌ని 20 మిల్లీసెకన్లు చేశాను. 9600 వేగంలో ఆ వ్యవధికి 19 అక్షరాలు ఒక ప్యాకెట్‌లో చేరతాయి. సెకనుకి 30,720 దాకా వెళ్లగల ప్యాకెట్లు 1,600కి దిగుతాయి. టైప్ చేసేవారికి ఆ ఆలస్యం తెలియదు. ఇలాంటి సర్వర్లలో పంపిన బైట్లను ప్యాకెట్లతో భాగించి సగటు చూడమని అందరికీ చెబుతాను. అది 64 దగ్గరే తచ్చాడుతుంటే ఈ టైమర్‌ని ఒకసారి చూడాలి.

చెక్‌లిస్టు నుంచి క్లియర్ అంశాన్ని తీసేశారు. దాని బదులు రీడింగ్ తీసి పోయిన వారం రీడింగ్‌తో తేడా రాస్తారు. క్లియర్ చేసే అనుమతి అడ్మిన్ అకౌంట్‌కే ఉంచారు. మానిటరింగ్‌లో గ్రాఫ్ అంకెలు దాచే ఆర్‌ఆర్‌డీ టూల్‌లో కౌంటర్ రకాన్ని డిరైవ్‌గా (తగ్గినా నిండి తిరిగిందనుకోకుండా తేడా మాత్రమే తీసే రకం) మార్చి కనీస విలువ సున్నా పెట్టించాను. అంకె వెనక్కి పడితే ఆ బిందువు ఖాళీగా వదిలేస్తుంది, శిఖరం పుట్టదు. నిజంగా కౌంటర్ చుట్టు తిరిగినప్పుడూ ఒక బిందువు పోతుంది, ఆ నష్టాన్ని భరించొచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త. క్లియర్ అనే మాట అన్ని యంత్రాల్లో ఒకే పని చేయదు. సిస్కో పరికరాల ఆపరేటింగ్ సిస్టమ్ ఐఓఎస్‌లో క్లియర్ కౌంటర్స్ కొడితే షో ఇంటర్‌ఫేసెస్‌లో కనిపించే అంకెలే సున్నా అవుతాయి, ఎస్‌ఎన్‌ఎంపీ కౌంటర్లు అలాగే సాగుతాయి. చివరిసారి ఎప్పుడు క్లియర్ చేశారో కూడా అక్కడే చూపిస్తుంది. ఆ లైను చదవకుండా కింది అంకెలు చదవకండి. అందులోనే షో లైన్ కమాండ్ ఓవర్‌రన్లను రెండు అంకెలుగా, హార్డ్‌వేర్‌వి వేరు, బఫర్‌వి వేరుగా ఇస్తుంది. మా కేసు తేలింది సరిగ్గా ఆ తేడా దగ్గరే. డెక్ కంపెనీ పాత టెర్మినల్ సర్వర్లు, డెక్‌సర్వర్లు, జీరో చేసి ఎన్ని సెకన్లయిందో గణాంకాలతో పాటే చూపించేవి, ఆ పద్ధతి నాకెంతో ఇష్టం. లినక్స్ మీద నడిచే కన్సోల్ సర్వర్లలో ఇంటర్‌ఫేస్ అంకెలను సున్నా చేసే సాధారణ కమాండే లేదు. ఐప్రూట్2లోని ఐఎఫ్‌స్టాట్ కమాండ్ పోయినసారి చూసిన విలువలను గుర్తుంచుకుని తేడా మాత్రమే చూపిస్తుంది, చాలాసార్లు అదే చాలు.

ఇక మినహాయింపు పోర్టు. అందులో ఫ్రేమింగ్ ఎర్రర్లు ఉన్నాయి, కానీ రాత్రికీ వాటికీ సంబంధం లేదు. ఆ పరికరం రీబూట్ అయినప్పుడే పెరుగుతున్నాయి. దాని బూట్ లోడర్ 115200లో మాట్లాడి, ఆపరేటింగ్ సిస్టమ్ లేచాక 9600కి వస్తోంది. బూట్ లోడర్ వేగం కూడా 9600 చేశాక బూట్ సందేశాలు చదవగలిగేలా వస్తున్నాయి.

ఫ్లో కంట్రోల్ (పంపేవైపుని ఆగమని చెప్పే ఏర్పాటు) లోటు మాత్రం మిగిలే ఉంది. నెట్‌వర్క్ ఇంకే కారణంతో 2 సెకన్లు ఆగినా అక్షరాలు మళ్లీ పోతాయి. అందుకే ఒప్పుకునే పరికరాలన్నిటికీ ఎక్స్ఆన్, ఎక్స్ఆఫ్ పెట్టాం. ఎక్స్‌మోడెమ్‌లో (సీరియల్ లైను మీద ఫైళ్లు పంపే పద్ధతి) ఫర్మ్‌వేర్ ఎక్కించే కొన్ని పోర్టులకు మాత్రం పెట్టలేదు. బైనరీ ఫైల్లో వచ్చే 17, 19 విలువల బైట్లను ఎక్స్ఆన్, ఎక్స్ఆఫ్ పద్ధతి సాగు, ఆగు సంకేతాలుగా తీసుకుని మింగేస్తుంది. ఆ పోర్టుల్లో బఫర్ ఓవర్‌ఫ్లో ఒక్కటి పెరిగినా అలర్ట్ వచ్చేలా పెట్టాం. అలర్ట్ వస్తే ఆ రాత్రి ఫైలుని పక్కన పెట్టి, ఆ ఒక్క పోర్టుకి స్క్రిప్ట్‌ని మళ్లీ నడుపుతారు.